సంచి మీద పడవ

భావనపాడు అవతలి ఒడ్డు,
జూన్

లీలక్కకి, కూర్మమ్మ రాస్తన్నది.

ఫోన్ ఉండగా ఉత్తరమేటే అని నవ్వకు. మా ఇంట్లో ఫోన్ ఒకటే, అది మా అన్న జేబులో ఉంటాది. నీ పేరు కనబడితే చాలు, విజయనగరం మేడమ్ ఏటంటన్నాదో చదివి ఊళ్ళో నలుగురికీ వినిపిస్తాడు. అందుకని ఉత్తరమే రాయి, రొయ్యల షెడ్డు చిరునామాకి రాయి. మా సూపర్‌వైజరు మలయాళీ. వాడికి తెలుగు చదవడం రాదు. నాకు వాడిలో నచ్చింది అదొక్కటే.

మొన్న నీ దగ్గరికి తెచ్చిన పిల్ల పేరు నేనెక్కడా రాయను, నువ్వూ రాయకు. పిల్ల అనుకుందాం. కళ్ళాసుపత్రికి తీసుకెళ్తన్నామని ఊళ్ళో చెప్పి వచ్చాం. వాళ్ళమ్మ గురమ్మప్ప ఆ రోజుకి ఎండుచేపల గంప కూడా వదిలేసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్ల నువ్విచ్చిన రంగు పెన్సిళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒకటే గొడవ.

"పిన్నీ, నా బొమ్మ జడ్జమ్మ ఒక్కర్తే సూస్తాది కదా?"

"ఒక్కర్తే."

"లీల మేడమ్ సూసేసింది కదా మరి."

"ఆవిడ లెక్కలోకి రాదే. ఆవిడ పెన్సిళ్ళిచ్చినావిడ."

సరే అన్నాది. నోటితో చెప్పలేనిది బొమ్మేసి చెప్పింది కదా, కోర్టులో తన చేత్తో తనే జడ్జమ్మకి ఇస్తాదంట. అందాకా నీ దగ్గర భద్రంగా దాచమని చెప్పమంది. చెప్పాను.

ఇక్కడ సంగతి. జోగయ్య బెయిలు మీద వచ్చి పడవ దించేశాడు. తన పడవ మీద కలాసీగా పనిచేసినోడి కూతురు, తొమ్మిదేళ్ళది, దాని మీద చెయ్యేసినోడు పొద్దున్నే సముద్రానికి దణ్ణం పెట్టి మరీ ఎక్కుతన్నాడు. కేసు ఉందని ఊరంతటికీ తెలుసు. పెట్టింది నేనని తెలుసు. ఏ పిల్లో మాత్రం తెలీదు. పోలీసులు మామూలు బట్టల్లో వచ్చారు. జోగయ్య నోరు విప్పడు, ఫలానా పిల్ల అన్నాడంటే తనకి తెలుసని ఒప్పుకున్నట్టే. అతన్ని పట్టుకెళ్ళినప్పుడు కలాసీలంతా వేరే పడవలెక్కేశారు, వాళ్ళలో పిల్ల తండ్రీ కలిసిపోయాడు. ఊరు ఒక్కో రోజు ఒక్కో ఇంటిని అనుమానిస్తన్నాది. అనుమానించనీ. ఎన్ని ఇళ్ళ మీద అనుమానం ఉంటే మన పిల్ల అంత లోపల దాక్కుంటాది.

పిల్ల కోర్టులో చెప్పేదాకా ఇలాగే ఉండాలి. నాకింకేం అక్కర్లేదు.

కూర్మమ్మ


విజయనగరం,
జూలై

ప్రియమైన కూర్మమ్మా,

మిషన్ హాస్టల్లో నీ తలకి పేలు దువ్వేటప్పుడు కూడా నువ్వు ఇలాగే ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడేదానివి. ఉత్తరం చదువుతుంటే దువ్వెన చేతిలో ఉన్నట్టే ఉంది.

పిల్ల బొమ్మ నా బీరువాలో ఉంది. తాళం నా దగ్గరే. వాళ్ళమ్మకి ధైర్యం చెప్పు. సాక్ష్యానికి ముందు పిల్లని ఇంకో రెండుసార్లు తీసుకురావాలి, మాట అలవాటు కావాలి. నేను ప్రతి ఆదివారం చర్చిలో దాని పేరు పలక్కుండానే ప్రార్థన చేస్తున్నాను. ఆయనకి పేరు తెలుసు.

ఇప్పుడొక సంతోషం. ఆగస్టులో ఇక్కడ రెండు రోజుల సదస్సు పెడుతున్నాం. పిల్లల తరఫున ఎలా నిలబడాలి, పిల్లల మీద అఘాయిత్యాలు జరక్కముందే ఎలా ఆపాలి, ఇదీ విషయం. జడ్జిలు, డాక్టర్లు, పోలీసు అధికారులు, అంగన్‌వాడీ టీచర్లు, నాలాంటి కౌన్సిలర్లు అందరూ వస్తారు. నిర్వహణ మా సంస్థదే. నాకు అరగంట మాట్లాడే అవకాశం ఇచ్చారు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. మన పిల్ల సంగతే చెబుదామనుకుంటున్నాను. పేరు మారుస్తాను, ఊరు తీసేస్తాను, తండ్రి పని కూడా తీసేస్తాను. నువ్వు వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడితే ఎంత బాగుంటుందో. ఊళ్ళో ఉండి కేసు పెట్టడం అంటే ఏమిటో వాళ్ళు నీ నోట వినాలి.

సంచులు కూడా కుట్టిస్తున్నాం. ప్లాస్టిక్ ఫైళ్ళు వద్దని గుడ్డ సంచులు. మా దగ్గరికొచ్చే పిల్లలు వేసిన బొమ్మ ఏదైనా వాటి మీద అచ్చు వేయిద్దామని డైరెక్టరుగారి ఆలోచన. ముద్దుగా ఉంటుంది కదా.

సెలవు దొరుకుతుందో లేదో వెంటనే రాయి.

నీ
లీలారాణి


భావనపాడు అవతలి ఒడ్డు,
జూలై ఆఖరు

లీలక్కకి,

సెలవు లేదు. పిల్లల్ని కాపాడే మీటింగుకి వెళ్ళాలంటే సూపర్‌వైజరు "నీకు పిల్లలున్నారా" అన్నాడు. పెళ్ళే లేదు అన్నాను. "అయితే తలలు తియ్యి" అన్నాడు. రొయ్య తలలు.

నిజం చెప్తన్నాను, వచ్చినా నేను పనికిరాను. మైకు ముందు నాకు కోపం తప్ప ఏటీ రాదు. నిరుడు టెక్కలిలో ఇలాంటిదే ఒకటి చూశాను. పొందూరు ఖద్దరు కండువాలు ఒకరికొకరు కప్పుకోడంతోనే సగం పూట అయిపోయింది. బాలలు జాతి సంపద అన్నారు. సంపద అంటే ఎవడో ఒకడిది అని కదా అక్కా. మా ఊళ్ళోనూ అదే లెక్క. వల, పడవ, పిల్ల. ఎవడి సొత్తు వాడిష్టం.

నువ్విచ్చిన చట్టం పుస్తకం పూర్తిచేశాను. షెడ్డులో ఐసుకి వేళ్ళు మొద్దుబారిపోతే పేజీ తిప్పడం రాదు, నాలికతో తిప్పాను. ఇప్పుడు ఆ పుస్తకం రొయ్య వాసన కొడతాది.

నువ్వు అక్కడ ఒక్కటి అడుగు. నాకోసం అడుగు. మొన్న వాయిదాకి ఫిర్యాదు పెట్టినదాన్నని నన్ను కోర్టుకి పిలిచారు. వరండా ఒకటే ఉన్నాది. ఇటు బల్ల మీద నేను. ఎదురు బల్ల మీద జోగయ్య. కాలు మీద కాలేసుకుని బఠాణీలు తింటన్నాడు. లేచొచ్చి పొట్లం నా ముందు చాపాడు. నేను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానని అడక్కు. తీసుకుని తినలేదు, పారెయ్యలేదు. గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాను, చెమటకి నానిపోయాయి.

రేపు పిల్ల వస్తే అదే వరండా, అదే బల్ల. పిల్లకి వేరే గది కావాలి. తలుపున్న గది. జడ్జిలు వస్తన్నారు అంటన్నావు కదా, భోజనానికి ముందే అడుగు. తిన్నాక ఎవరికీ వినపడదు.

ఆ గుడ్డ సంచి ఒకటి నాకు పంపు. ఇక్కడ అందరివీ సిమెంటు బస్తాతో కుట్టిన సంచులే. కేరేజీ పెట్టుకుని బొమ్మ సంచితో షెడ్డుకెళ్తే ఆ మలయాళీ ముందు గొప్పగా ఉంటాది.

కూర్మమ్మ


విజయనగరం,
ఆగస్టు ఆఖరు

ప్రియమైన కూర్మమ్మా,

అడిగాను. భోజనానికి ముందే అడిగాను.

నీ వరండా సంగతి చెప్పాను. రెండు బల్లలు, బఠాణీల పొట్లం, అంతా. ఎవరిదో చెప్పలేదు. వెనక వరసలో ఒక డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అప్పుడొక జడ్జిగారు లేచి, ఇది సదస్సులో చెప్పి వదిలేసే మాట కాదు, పిల్లలకి వేరే గది నేను ఏర్పాటు చేయిస్తాను అన్నారు. నలుగురి ముందూ అన్నారు. రాసుకున్నారు. కూర్మమ్మా, అది నీ మాటతో వచ్చిన గది.

మిగతాది నువ్వన్నట్టే. కండువాలు కప్పారు, నాకూ ఒకటి కప్పారు. ఒకాయన తెర మీద నలభై పటాలు చూపించి అందులో ఒక్క పిల్ల గురించి కూడా చెప్పలేదు. రెండో రోజు పొద్దున్న సగం కుర్చీలు ఖాళీ, రామతీర్థం చూడ్డానికి వెళ్ళారు. నవ్వుకో. కానీ నేను మాట్లాడి దిగినప్పుడు చప్పట్లు ఆగలేదు. మా నాన్న చివరి వరసలో కూర్చున్నారు. పాస్టరు కదా, చప్పట్లు కొట్టే అలవాటు లేదు. లేచి నిలబడ్డారు.

సాక్ష్యం జనవరిలో ఉండొచ్చని మన తరఫు ప్లీడరమ్మ చెప్పింది. అక్టోబరులో పిల్లని తీసుకురా.

సంచులు అయిపోయాయి. వచ్చే ఏడాది తప్పకుండా దాస్తాను.

నీ
లీలారాణి


భావనపాడు అవతలి ఒడ్డు,
సెప్టెంబరు

లీలారాణి మేడమ్ గారికి,

మీ సంచి మా ఊరు వచ్చింది. అయిపోయాయన్నారు, ఒకటి మిగిలినట్టున్నాది.

మా అంగన్‌వాడీ హేమ టీచరు మీ సదస్సుకి వచ్చిందంట. మంచిదే ఆవిడ. ఆ సంచి ఇన్నాళ్ళూ దాచుకుని, మొన్న గుడ్లు తెచ్చుకోడానికి తీసింది. భుజానేసుకుని ఒడ్డంట నడిచొస్తన్నాది. పడవలు దిగే వేళ, ఆడోళ్ళమంతా అక్కడే ఉన్నాం. ముందు చూసింది తాతమ్మ. ముసల్ది, మనిషి ముఖం ఆనదు, పడవైతే ఆనుతాది.

"ఓలమ్మ, జోగయ్య పడవని సంచి మీదేసినారేటే?"

"గవర్నమెంటోళ్ళు ఏసుంటార్లే. బాగున్నాది."

"ఆకుపచ్చకి పసుపు పట్టీ. ముందల రెండు తోకల సేప కూడా ఏసినారు సూడు."

"మన ఊరు పేపర్లో పడిపోనాది అయితే."

నవ్వుకుంటన్నారు. హేమ టీచరూ నవ్వుతా సంచి తిప్పి చూపించింది. అప్పుడు ఎవరో అన్నారు, "ఇదేటి, తోకలేని కోడి?"

ఇంకెవరూ నవ్వలేదు.

మేడమ్, మా ఊళ్ళో తోకలేని కోడి ఒకటే. కోడిపిల్లగా ఉన్నప్పుడు కుక్క పీకేసింది. అది ఎవరి వెనకాల తిరుగుతాదో, ఎవరు ఆ పడవకి సద్ది మోస్తంటే కూడా వెళ్తాదో, పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. పడవ సముద్రం మీద చుక్కంత ఉండగానే రంగు చూసి ఎవరిదో చెప్పే ఆడోళ్ళం మేము. జానెడు దూరంలో ఉన్న సంచి చదవలేమా. చదవలేనోళ్ళకి కింద తెలుగులో కూడా అచ్చేశారు, 'నొప్పిని గీసిన చిట్టి చేతులు' అని. హేమ టీచరు అది పైకి చదివింది. చదివాక ఆవిడకీ అర్థమైంది. గుడ్లు కింద పెట్టేసి సంచి మడిచి జాకెట్లో దోపుకుంది. అప్పుడు దాచి ఏటి లాభం.

గురమ్మప్ప గంప ఎత్తుకోబోతన్నాది. ఎత్తిన గంప అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నెత్తి మీదా పెట్టుకోలేదు, కిందా దింపలేదు. నేను వెళ్ళి దింపాను. నా ముఖం చూసి ఒక్క మాటంది. "కూర్మీ, జడ్జమ్మ ఒక్కర్తే అన్నావు."

పిల్ల ఎవరో తెలిసేలా ఏదీ బయటపెట్టకూడదని చట్టంలో ఉన్నాది. ఆ పుస్తకం నాకిచ్చింది మీరే. నేనైతే నాలికతో పేజీలు తిప్పి చదివాను. మీరు చదివారా?

పిల్ల వాళ్ళమ్మ పక్కనే ఉన్నాది. ఇంటికెళ్ళి కోడిని గంప కింద మూసేసింది. గంప మీద తను కూర్చుంది.

బి. కూర్మమ్మ


విజయనగరం,
సెప్టెంబరు

కూర్మమ్మా,

మేడమ్ అని రాశావు. సరే.

డైరెక్టరుగారు అడిగితే నేనే బీరువా తీసిచ్చాను, బొమ్మల కట్టంతా చూసి దీన్ని తీశారు. వద్దని నోటిదాకా వచ్చింది. అప్పుడు నేను ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశాను. పేరు ఉందా అని చూశాను. ఊరు, బడి, ఏదైనా అక్షరం ఉందా అని వెతికాను. ఒక్క అక్షరం లేదు. అందుకని ఒప్పుకున్నాను. నేను అక్షరాల కోసం మాత్రమే వెతికాను కూర్మమ్మా. పడవంటే పడవ అనుకున్నాను. తోకలేని కోడిని చూసి, చిన్నపిల్ల కదా, తోక వెయ్యడం మర్చిపోయింది అనుకున్నాను. ముచ్చటపడ్డాను కూడా.

మన పిల్ల బొమ్మే అని జూలైలో నీకు రాయలేదు. అప్పటికి ఏ బొమ్మో తేలలేదు. తేలాక కూడా రాయలేదు. సంచులు అయిపోయాయన్నది అబద్ధం. ఒక కట్ట ఇక్కడే ఉంది. నువ్వు అడిగినా పంపడానికి చెయ్యి రాలేదు. ఎందుకు రావడం లేదో ఆగి ఆలోచించి ఉంటే ఇవాళ ఈ ఉత్తరం ఉండేది కాదు.

నేనే వచ్చి గురమ్మ కాళ్ళు పట్టుకుంటాను. వస్తే నన్ను చూసి ఊరు ఇంకా ఏమంటుందో అని భయం. నువ్వు రమ్మంటే వస్తాను. నా మీద కేసు పెడతానంటే ఆ కాగితం కూడా నేనే రాసిస్తాను, ఎలా రాయాలో నాకు తెలుసు. ఒక్కటే అడుగుతున్నాను. పిల్లని సాక్ష్యం దాకా నిలబెట్టు. దానికి నీకు ఏం కావాలో చెప్పు.

లీలారాణి


భావనపాడు అవతలి ఒడ్డు,
అక్టోబరు

లీలక్కా,

కోపం తగ్గి అక్కా అనలేదు. మేడమ్ అని రాయడం నాకు చేతకాదు, అంతే.

నువ్వు రావొద్దు. వచ్చి కాళ్ళు పట్టుకోడానికి గురమ్మప్పోళ్ళు ఇక్కడ లేరు.

కులపెద్దలు కూర్చున్నారు. పిల్ల తండ్రిని పిలిచి, "మాకు సెప్పకుండా పోలీసు గడప తొక్కినావేటిరా" అన్నారు. చేసినోడి ఊసు లేదు. తిట్టలేదు, కొట్టలేదు, వెలి అని కూడా అనలేదు. మర్నాడు అతను పడవ దగ్గరికెళ్తే "మనుసులు సరిపోనారు" అన్నారు. పక్క పడవా అదే మాట. నాలుగు రోజులు ఒడ్డు మీద తిరిగాడు. గురమ్మప్ప చేపలు ఎవరూ కొనలేదు. పిల్ల బడికెళ్తే పక్కన కూర్చునే పిల్లని వాళ్ళమ్మ వేరే బల్లకి మార్పించింది. అంతే జరిగింది. ఎవరి మీదైనా కేసు పెడదామంటే, ఏటని పెట్టాలి? మనుషులు సరిపోవడం నేరమా?

పలాసలో రైలెక్కి వేరావల్ వెళ్ళిపోయారు, గుజరాత్. అక్కడ పెద్ద బోట్ల మీద మనోళ్ళున్నారు. చిరునామా అడిగితే గురమ్మప్ప, "నీకు సెప్తే ఆ మేడమ్‌కి సెప్తావు" అంది. కోడిని నాకిచ్చి వెళ్ళింది పిల్ల. రైల్లో ఎక్కనివ్వరని చెప్పారంట. "గింజలు ఎక్కువెయ్యకు పిన్నీ, బద్దకమొస్తాది" అని చెప్పింది. ఏడవలేదు.

ఇప్పుడు నేను దాచింది చెప్తాను. నువ్వు చెప్పావు కదా, నేనూ చెప్తాను.

జోగయ్య నా మేనమావ. అమ్మకి సొంత తమ్ముడు. నాన్న సముద్రంలో పోయాక మమ్మల్ని తన ఇంటి పక్క పాకలో పెట్టింది మావే. హాస్టల్లో చేర్పించింది మావే. ఇనప్పెట్టె నెత్తి మీద మోసుకొచ్చి, నీకు దణ్ణం పెట్టి, "మా పిల్లని సూసుకోమ్మా" అన్నాయన గుర్తున్నాడా? నువ్వు చాలాసార్లు అన్నావు, మీ మావ ఎంత మంచోడే అని. ఆయనే. బఠాణీలు ఎందుకు తీసుకున్నానో ఇప్పుడు తెలిసింది కదా. చిన్నప్పట్నుంచీ ఆ చెయ్యి చాపితే నా చెయ్యి దానంతటదే లేస్తాది.

అమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది. అన్నం పెడతాది. కంచం నేల మీద పెట్టి అటు తిరిగిపోతాది.

ఊళ్ళో ఇంతమంది ఉండగా పిల్ల నాకే ఎందుకు చెప్పిందని నువ్వు ఒకసారి అడిగావు. నేను మాట మార్చాను. షెడ్డు నుంచి వస్తంటే దారిలో ఆపింది. "పిన్నీ, సిన్నప్పుడు ఆ పడవకి సద్ది నువ్వే మోసీదానివంట కదా" అంది. ఔనే అన్నాను. "నిన్ను కూడా పడవ సాటుకి రమ్మనీవోడా" అంది.

దానికి నేనేటి చెప్పానో నీకు రాయను. మర్నాడు పోలీసుల దగ్గరికి వెళ్ళాను.

నీ గదిలో పిల్ల బొమ్మ వేస్తన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆకుపచ్చకి పసుపు పట్టీ. ఆ రంగు ఇరవై ఏళ్ళుగా మారలేదు.

కూర్మమ్మ


విజయనగరం,
డిసెంబరు

కూర్మమ్మా,

నీ ఉత్తరం చాలా రోజులు చేతిలో పట్టుకుని తిరిగాను. ఏం రాసినా తక్కువే. హాస్టల్లో సెలవులకి అందరూ ఇళ్ళకి పరుగెత్తుతుంటే నువ్వు మంచం కింద దూరి, జ్వరమని చెప్పమనేదానివి. నేను నిన్ను బయటికి లాగి, జడ వేసి, మీ మావ చేతికి అప్పగించేదాన్ని. నీకు గుర్తుండే ఉంటుంది. ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారి కూడా ఆ మాట నాతో అనలేదు.

సంచులు వెనక్కి తెస్తున్నాను. వచ్చినవాళ్ళ ఊళ్ళకి ఆదివారాలు బస్సెక్కి వెళ్తున్నాను. ఒకరింట్లో అందులో ఉల్లిపాయలున్నాయి. ఒక డాక్టరుగారి డ్రైవరు కారు తుడుస్తున్నాడు. ఒకామె ఇవ్వనంది, గుర్తుగా దాచుకున్నానంది. సంగతి చెప్పాక ఇచ్చేసింది. తెచ్చినవన్నీ పెరట్లో కాల్చేస్తున్నాం, మా నాన్న పక్కన నిలబడుతున్నారు. కొన్ని ఎప్పటికీ దొరకవు.

గది తయారైంది. జడ్జిగారు మాట నిలబెట్టుకున్నారు. గోడలకి రంగులు వేస్తుంటే వెళ్ళి చూశాను. చూసి ఏడుపొచ్చింది, దేనికని చెప్పను.

వచ్చే సదస్సుకి మళ్ళీ మాట్లాడమన్నారు. ఆ సంచి గురించే మాట్లాడతానన్నాను. అంశానికి నప్పదు, సంస్థకి చెడ్డపేరు అన్నారు. రాజీనామా ఇచ్చాను. దానివల్ల పిల్లకి ఒరిగేది లేదని తెలుసు, నాకు మెచ్చుకోలు రాయకు.

సాక్ష్యం జనవరిలోనే. పిల్ల వేరావల్ నుంచే, అక్కడి కోర్టులో కూర్చుని, తెర మీద కనపడి చెప్పొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. ఒక్క చిరునామా కావాలి. గురమ్మ నాకు చెప్పదు. నువ్వు మళ్ళీ కబురు పంపితే నీకైనా చెబుతుందా?

నీ
లీలారాణి


భావనపాడు అవతలి ఒడ్డు,
జనవరి ఆఖరు

లీలక్కకి,

చిరునామా దొరకలేదు. కోర్టు కాగితం వేరావల్ దాకా వెళ్ళి, అలాంటోళ్ళు లేరని తిరిగొచ్చింది.

సాక్ష్యం రోజున నేను వెళ్ళాను. నీ గది చూశాను. గోడల మీద సీతాకోకచిలకలు. చిన్న కుర్చీలు. తలుపుకి లోపల గడియ. బాగుందక్కా. తిట్టడానికే వెళ్ళాను గానీ, నిజంగా బాగున్నాది. అందులో ఎవరూ లేరు. వెళ్ళి కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. అటెండరు వచ్చి, "అది పిల్లలకమ్మా" అన్నాడు. తెలుసు అన్నాను. లేవలేదు.

లోపలికి పిలిచారు. జడ్జమ్మ నువ్వు చెప్పినట్టే ఉన్నాది, మెల్లగా మాట్లాడతాది. మావ తెర అవతల ఉన్నాడు. కనపడలేదు గానీ దగ్గు వినబడింది. ఆ దగ్గు నాకు తెలుసు. పడవ దగ్గర ఇసకలో అడుగులు వినపడవు, ఆ దగ్గే ముందు వినపడేది. అతని ప్లీడరు లేచి, "పిల్లే రాలేదు, ఈమె కళ్ళతో చూసింది లేదు, ఈమెకి ఎలా తెలుసు" అన్నాడు. జడ్జమ్మ నన్ను అదే అడిగింది. "నీకెలా తెలుసమ్మా?"

"నేనూ ఆ పడవకి సద్ది మోశానండి" అన్నాను.

ఇంకా చాలా అడిగారు, చెప్పాను. అది వేరే కేసు అవుతాదంట. పిల్ల రాకపోతే ఈ కేసు మాత్రం నిలబడదని ప్లీడరమ్మ చెప్పింది. మావ ఇంటికొచ్చేస్తాడు. ఇంటికొచ్చాక నేను కోర్టులో చెప్పింది అమ్మతో అనలేదు. ఎవరో ముందే చేరేశారు. ఆ పూట అమ్మ కంచం పెట్టి అటు తిరగలేదు. ఎదురుగా కూర్చుంది. నేను తిన్నంతసేపూ కూర్చుంది.

అసలు సంగతి ఇంకోటున్నాది, అందుకే రాస్తన్నాను. నిన్న సూపర్‌వైజరు తన ఫోన్ తెచ్చి నా చేతికిచ్చాడు. "ఎవరో చిన్నది, నీ పేరు చెబుతోంది" అన్నాడు. షెడ్డు నంబరు గోడ మీద పెద్ద అంకెలతో ఉంటాది కదా, వెళ్ళే ముందు కంఠతా పట్టిందంట. వాళ్ళమ్మకి తెలీకుండా పక్కింటోళ్ళ ఫోన్‌లో చేసింది.

"కోడి గుడ్లు పెడతన్నాదా?"

"పెడతన్నాదే."

"బద్దకమొచ్చీసిందా?"

"లేదే, గింజలు తక్కువే ఏస్తన్నాను."

ఊరు ఎలా ఉందన్నాను. సముద్రం ఇక్కడ కంపు కొడతాది అంది. పడవలన్నీ పెద్దవి, ఒకటే రంగు, ఎవరిదేదో తెలీదు అంది. బొమ్మలేస్తన్నావా అన్నాను. అది చెప్పకుండా తనే అడిగింది.

"పిన్నీ, నా బొమ్మ జడ్జమ్మ సూసిందా?"

అబద్ధం ఆడదామనే అనుకున్నాను అక్కా. నోటిదాకా వచ్చింది. ఒకసారి జడ్జమ్మ ఒక్కర్తే అని చెప్పినదాన్ని, మళ్ళీ ఇంకోటి చెప్పలేకపోయాను.

"ఇంకా సూడలేదే" అన్నాను.

ఫోన్ పెట్టేసిందనుకున్నాను.

"మరి అందరూ ఏటి సూసినారు?" అంది.

ఆ నంబరు సూపర్‌వైజరు ఫోన్‌లో ఉన్నాది. వెనక రాసి పంపుతన్నాను. బొమ్మ నీ దగ్గరే ఉంచు. పోస్టులో వెయ్యకు. నేను జవాబు చెప్పలేకపోయాను, నువ్వు చెయ్యి. దాన్ని సాక్ష్యమడక్కు, చిరునామా అడక్కు. అది నిన్న అడిగినదానికి ముందు జవాబు చెప్పు.

కూర్మమ్మ